కోతకాలపు పండుగలో మా వ్యాను

ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక తొట్టి ఉన్న చిన్న వ్యాను అది. సంగం జాగర్లమూడి తోటల్లో అరటి గెలలు ఎక్కించి తెనాలి మార్కెట్లో దించటం నాన్న పని. ఎనభైల చివర్లో ఆయన చూపు మందగించింది. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. బండి కొంటామని ఇద్దరు ముగ్గురు వచ్చారు గానీ నాన్న ఎవరికీ అమ్మలేదు.

రేపల్లె దగ్గర పల్లెలో ఓ చిన్న ప్రసూతి ఆసుపత్రి ఉండేది. దాన్ని నడిపే సిస్టరుగారు, కాన్పు కష్టమైనవాళ్లను రిక్షాలో బస్టాండుకు చేర్చి, అక్కణ్నుంచి బస్సులో తెనాలి తీసుకొచ్చేది. అలా వస్తూ బస్సులోనే ప్రాణం పోయిన ఒక అమ్మాయిని నాన్న కళ్లారా చూశాడు. వ్యాను ఆ ఆసుపత్రికే ఇస్తానన్నాడు.

అమ్మకు ఒళ్లు మండిపోయింది. మాది పెంకుటిల్లు. వానొస్తే ఇంట్లో ఎక్కడ పడుకోవాలో వెతుక్కోవాలి. శ్లాబు వేయించాలని అమ్మ ఏళ్ల తరబడి చీటీలు కట్టి కూడబెడుతోంది. బండి అమ్మితే మిగతాది సరిపోతుందని ఆమె లెక్క. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఒక్క మాట అని, నాన్నతో మాట్లాడటం మానేసింది. బాపట్లలో టీచర్ ట్రైనింగ్ హాస్టల్లో ఉన్న నేను కోతకాలపు పండుగకు ఇంటికొచ్చేసరికి, వాళ్లిద్దరి మధ్యా నేనే పోస్ట్‌మాన్‌ని అయ్యాను.

మా చర్చిని మేం గుడి అనే అంటాం. కోతకాలపు పండుగనాడు ఎవరికి కలిగింది వాళ్లు గుడికి తెస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, గెలలు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక అన్నిటినీ గుడి ముందు పందిట్లోనే వేలం వేస్తారు. ఒకసారి దేవుడి ముందు పెట్టింది పాటకు రావాల్సిందే, వెనక్కి పోకూడదు. ఈ కట్టుబాటు పెట్టించిన పెద్దల్లో మా నాన్నా ఒకడు. కానుకగా ఇచ్చిన దూడను మర్నాడు తిరిగి అడిగినాయన్ని గుమ్మం దాకా కూడా రానివ్వని మనిషి ఆయన.

ఆ మనిషి ఏం చేశాడు? బండి ఆసుపత్రికి వెళ్లేముందు అయ్యగారి చేత ప్రార్థన చేయిద్దామని కడిగి, తుడిచి, వరికంకులు కట్టి, గుడి ముందుకు తెప్పించాడు. ఎండగా ఉందని కానుకల పందిరి కిందే నిలబెట్టించాడు. బండిని తీసుకెళ్లటానికి డ్రైవరుతో వచ్చిన సిస్టరుగారు ఆడవాళ్ల వరసలో కూర్చుంది. అయ్యగారు చేతులెత్తి, పందిరి కింద ఉన్న కానుకలన్నిటినీ ఆశీర్వదించారు. నాన్న అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

గెలలు పోయాయి, పుంజులు పోయాయి, గుమ్మడికాయ పోయింది. ఆ తర్వాత వేలం వేసే సంఘపెద్ద మా వ్యాను బానెట్ మీద చెయ్యేసి, ఎవరి పాట అని అడిగాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. సంఘపెద్ద మాత్రం నవ్వలేదు.

నాన్న లేచి, అది ఆసుపత్రికి అనుకున్నదని చెప్పాడు.

"అనుకోవటం మీ ఇంట్లో సంగతండి. ఇక్కడ ప్రార్థనైపోయింది. ఒక్క బండికి మినహాయిస్తే రేపు కోడికీ మినహాయించమంటారు. ఆ మాట మాకు నేర్పింది మీరే కదండి" అన్నాడు సంఘపెద్ద.

అయ్యగారు తల దించుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మా బండిని పట్టుకుని ఈయన పెత్తనమేంటని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న మాత్రం ఏం చెబుతాడు, తను తీసిన గోతిలో తనే పడ్డాడు. తన బండికి తనే పాట మొదలుపెట్టాడు.

వెనక నుంచి రైసుమిల్లు ఆసామి పెంచాడు. నాన్న పెంచాడు. ఆయన ఇంకా పెంచాడు. భక్తి పోటీ అనుకుని జనం చప్పట్లు కొడుతున్నారు. సిస్టరుగారు ఒళ్లో ఉన్న సంచీని భుజానికి తగిలించుకుంది, బస్సుకు పోవటానికి. సంఘపెద్ద రెండోసారి కూడా అనేశాడు. నాన్న దగ్గర ఇక ఏమీ లేదని నాకు తెలుసు.

మా గుళ్లో ఆడవాళ్లు వేలం పాటలో నోరెత్తరు. అమ్మ లేచి నిలబడింది.

"పాడండి. శ్లాబు డబ్బులున్నాయిగా" అంది.

ఈమెనా ఇన్నాళ్లూ ఆయనతో మాట్లాడనిది? నాన్న ఆమె వైపు చూసి, అమ్మ చీటీలన్నీ ఊడ్చుకుపోయేంత పాట పాడాడు. రైసుమిల్లు ఆసామి ఊరుకున్నాడు. బండి మాదైంది.

పందిరి బయటికొచ్చాక ఆ ఆసామి నవ్వుతూ వచ్చి నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"మీ బండి తక్కువకు పోతే మీకు చిన్నతనం కదా బాబాయ్. అందుకే పెంచుకుంటూ పోయాను. లేకపోతే ఆ పాత బండి నాకెందుకు?"

ఈ మాట విన్నప్పుడు అదిరిపడ్డట్టు జన్మలో మళ్లీ అదిరిపడలేదు నేను. గౌరవించటానికి మా ఇంటి కప్పు ఊడబెరికాడు! ఆయన మొహంలో మచ్చుకైనా కల్మషం లేదు, అదే నాకు మింగుడుపడలేదు. నాన్న మాత్రం ఆయనకు దణ్ణం పెట్టి థాంక్స్ చెప్పాడు. ఆ డబ్బుతో గుడికి ప్రహరీ గోడ లేచింది.

ఆ మధ్యాహ్నమే రేపల్లె బయల్దేరాం. సిస్టరుగారు ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. మేం ముగ్గురం వెనక తొట్టిలో గడ్డి పరుచుకుని కూర్చున్నాం. బండి భట్టిప్రోలు దాటింది.

"ఇప్పుడీ బండి ఎవరిచ్చినట్టండి?" అని అడిగింది అమ్మ.

"నేనిచ్చింది గుళ్లోనే అయిపోయింది. ఇది నువ్విచ్చింది" అన్నాడు నాన్న.

ఆసుపత్రి ముందు దిగాక డ్రైవరు తాళంచెవి తెచ్చి నాన్నకివ్వబోయాడు. అమ్మ చెయ్యి చాచి దాన్ని తను తీసుకుంది. కొంగుతో తుడిచి సిస్టరుగారి చేతిలో పెట్టింది.