వానొస్తే నల్లబడే పెదవి

మా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో కొత్తగా చేరే పీజీ డాక్టర్లకు ఏటా ఒక కథ చెబుతారు. గొర్రెలు కాసుకునే ఒకామె మందు వాడుతూనే వాడలేదని అబద్ధం చెప్పిందట. ప్రొఫెసరుగారు ఆమె చీర నుంచి వచ్చిన గొర్రెల వాసన పట్టి అసలు సంగతి లాగారట. క్యాంటీన్లో టీ తాగుతూ చెప్పుకోవడానికి కథ బాగానే ఉంటుంది, కాకపోతే రెండు ముక్కలూ తప్పే. ఆమె అబద్ధం చెప్పలేదు. ప్రొఫెసరుగారికి అప్పుడు పడిశం, తన కాఫీ వాసనే ఆయనకు తెలియని స్థితి. ఈ మాట నేను అంటే, "మేడమ్, మీరు ప్రతిదానికీ వాదిస్తారు" అంటారు. వాదిస్తాను. అక్కడ ఉన్నది నేను, వాళ్లు కాదు.

నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, యాజమాన్యంతో పడక బయటికొచ్చాక ఈ పెద్దాసుపత్రిలో పని దొరికింది. డాక్టర్లు ఏదైనా జబ్బు మీద పరిశోధన పెట్టుకుంటే, అందులో చేరబోయే రోగులకు అదేమిటో అర్థమయ్యేలా చెప్పాలి. ఒప్పుకుంటే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చెప్పిన రోజుకు రాకపోతే ఫోన్ చేసి పిలవాలి. డాక్టరు దగ్గర రోగి కూర్చునేది అయిదు నిమిషాలు, నా దగ్గర మాత్రం వాళ్లకు ఓపిక ఉన్నంతసేపు.

ఆమె కదిరి అవతలి పల్లె నుంచి వచ్చేది. ముప్పై దాటి ఉండవు. కింది పెదవి మీద ఎడమపక్క పావలా బిళ్లంత మచ్చ. ఉన్నట్టుండి మంట మొదలై, ఎర్రబడి, పొక్కి, పుండయ్యేది. మానాక నేరేడుపండు రంగు మిగిలేది. కొన్నాళ్లకు మళ్లీ అదే చోట. ఇలాంటిదే మరొకటి, లేడీ డాక్టరుకు చెప్పడానికి కూడా ఆడమనిషి నాలుక తడబడే చోట. ఒకసారి కన్ను కూడా ఎర్రబడింది. నోరు, ఆ చోటు, కన్ను, ఈ మూడూ కలిస్తే డాక్టర్లకు గుర్తొచ్చే జబ్బు ఒకటుంది. పలకడానికి నోరు తిరగని పేరు, పుస్తకాల్లో తప్ప మా వార్డులో ఎవరూ పెద్దగా చూసింది లేదు. అరుదైన జబ్బుల మీద ప్రొఫెసరుగారి పరిశోధన అప్పుడే మొదలైంది. ఆయన ముఖం ఎలా వెలిగిపోయిందో నేను చూశాను.

చిక్కల్లా మందు దగ్గర వచ్చింది. ఆ జబ్బుకు ఇవ్వదలచిన మందు కడుపులో బిడ్డను పాడు చేస్తుంది. వాడినన్నాళ్లూ గర్భం రాకూడదు, వాడాల్సింది ఏళ్ల తరబడి. ఆమెకు ఒకే కూతురు, ఇంకో బిడ్డ కావాలని ఆశ. మందు వద్దనుకుంటే? ఆ జబ్బే అయితే చూపు పోవచ్చు. ఇదంతా నేను వీలైనంత మెత్తగానే చెప్పాను. ఆమె కాసేపు నా బల్ల మీది గాజు బిళ్లను వేలితో అటూ ఇటూ జరిపి అన్నది:

"కండ్లు కావాల్నా, బిడ్డ కావాల్నా అని అడుగుతాండారు గదక్కా మీరు."

అంతకంటే బాగా మా ఒప్పుకోలు కాగితం మీద ఎవరూ రాయలేదు.

మందు పడక వచ్చిన పుండేమోనన్న అనుమానం డాక్టర్లకు రాకపోలేదు. కోస్తా నుంచి వచ్చిన పీజీ అమ్మాయీ నేనూ కలిసి ఆమెను అన్నీ అడిగాం. మాత్రలు, సూదులు, ఊళ్లో ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇచ్చేవి, ఆకు పసర్లు, చివరికి పళ్లపొడి, తలకు వేసుకునే రంగు. అన్నిటికీ లేదనే చెప్పింది. తలనొప్పి వస్తే గుడ్డ బిగించి కట్టుకుంటుందట. మరి ఈ పుండు ఎప్పుడొస్తుంది అంటే, "వానొస్తే వస్తాదక్కా" అన్నది. పీజీ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. ఈ జిల్లాలో వాన కంటే అరుదైన జబ్బు ఇంకేముంటుంది తల్లీ, ముందు దాన్ని పరిశోధనలో చేర్చుకోండి అని నేనూ ఒక మాట విసిరాను. మందులతో సంబంధం లేదని తేల్చేశారు.

ఒప్పుకోలు తీసుకోవడానికి సోమవారం మొగుణ్ణి వెంటబెట్టుకుని రమ్మన్నాం. శని, ఆదివారాలు వాన పడింది. సోమవారం ఆమె రాలేదు, ఫోన్ కలవలేదు. ఒప్పుకోలేదని రాసేయమన్నారు ప్రొఫెసరుగారు. ఒప్పుకోలేదని ఆమె నోటితో వినకుండా నేనెందుకు రాయాలి? మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కదిరిలో దిగి, ఆటో మాట్లాడుకున్నాను. ఊళ్లో ఇంటికి తాళం. గొర్రెలు ఒక రైతు పొలంలో ఉన్నాయన్నారు. రాత్రిళ్లు మందను చేలో ఆపితే రైతుకు ఎరువు, కాపరులకు తిండిగింజలు. ఆ రేగడి బురదలో చెప్పులు చేత పట్టుకుని నడిచాను.

వెదురుగంపల కింద చిన్న గొర్రెపిల్లలున్నాయి. వానకు మొలిచిన లేతగడ్డి మేసి విరేచనాలతో పారుకుంటున్నాయి, తోకలన్నీ తడి. ఆమె గంప పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చింతగింజ కంటే పెద్ద మాత్రను పళ్లతో కొరికింది. ఇంత బెల్లం నోట్లో వేసుకుంది. ముఖం చిట్లించి నమిలింది. అరచేతిలోకి ఉమ్మి, ఆ ముద్దను వేలితో తీసి పిల్ల అంగిట్లో పూసింది. తర్వాత చెంబులో నీళ్లు పుక్కిలించి ఉమ్మేసి, ఇంకో పిల్లను అందుకుంది. నన్ను చూసి లేచింది. పెదవి ఎడమపక్క అప్పటికే ఉబ్బి ఉంది.

నేను ముందు ముఖం తిప్పేసుకున్నాను. చదివింది జువాలజీ అని గుర్తొచ్చి సర్దుకున్నాను. అదెందుకు నువ్వు నమలాలి అన్నాను. ఆమె బదులు అత్త జవాబిచ్చింది. బోసినోటి ముసలామె, కట్టె మీద గడ్డం ఆనించి నన్ను ఎగాదిగా చూస్తోంది.

"నీళ్లల్లో కలిపి పోస్తే పొరబోయి సస్తాయమ్మా. నోట్లో మెత్తగ జేసి పూస్తే నాకి మింగుతాయి. నాకు పండ్లున్నన్నాళ్లూ నేనే నమిల్నా. పండ్లు పాయ, దీనికి అప్పజెప్పినా. దీని నోటికి వాసి ఉండాది. ఇది పెట్టిన పిల్ల ఒగటీ పోలేదు."

డాక్టరు హస్తవాసి అనడం విన్నాను గానీ నోటివాసి అనడం అప్పుడే వినడం. అత్త చెప్పే తీరు చూస్తే ఆ ఇంట్లో కోడలి మర్యాద సగం ఆ వాసి మీదే నిలబడి ఉందని అర్థమైంది. మాత్రల అట్ట అడిగి చూశాను. సల్ఫా జాతి మందు. మా విభాగంలో నాలుగు నెలలు కూర్చున్న ఎవరికైనా ఆ పేరు తెలుసు, ఒంటి మీద ఒకే చోట మళ్లీ మళ్లీ మచ్చ తెచ్చే మందుల్లో అది ముందుంటుంది. అత్త పళ్లు ఎప్పుడు పోయాయని అడిగాను. ఆసుపత్రి నుంచి పళ్ల లెక్క అడగడానికి వచ్చినట్టుందని ముసలామె మూతి తిప్పింది గానీ చెప్పింది. కోడలి పెదవి మచ్చ మొదలైంది ఆ తర్వాతి వానకే.

మరి మాకెందుకు చెప్పలేదు అన్నాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేను ఉమ్మేస్తాండా గదక్కా, నోరు గూడా కడుక్కుంటాండా. నా కడుపులోకి ఏం బాయ?" అన్నది. ఉమ్మేసినా నోటి తడితోనే కొంత మందు ఒంట్లోకి దిగుతుందని ఆమెకెవరు చెప్పారు? దీన్ని అబద్ధం అంటారా? గొర్రె బొచ్చు గొర్రెది, గొర్రె మందు గొర్రెది. ఆమె తలకు వేసుకునే రంగు దాకా ఆరా తీసిన మేం గొర్రెల జోలికి పోలేదు.

ఇక నమలడం మానాలి, రాళ్లతో దంచుకోండి అన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"రాతికి వాసి ఉంటాదా తల్లీ?"

ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. వాదనలో నాకు సమవుజ్జీ దొరకడం అరుదు, ఆ పూట దొరికింది. కోడలు మాత్రం మా ఇద్దరి మధ్యా పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, చివరికి నన్నే అడిగింది. "నేను మానుకున్నంక పిల్లలు సచ్చి, పెదవి మళ్లా నల్లబడితే ఏం జెయ్యాల? ఇదే అని నువ్వు జూపిస్తావా అక్కా?"

చూపించాలి, న్యాయమే. ప్రొఫెసరుగారు మొదట నా మాట కొట్టిపారేశారు. వాళ్ల దగ్గర్నుంచి తెచ్చిన మాత్రల అట్ట బల్ల మీద పెట్టాక, కళ్లజోడు తీసి తుడుచుకుని, పరీక్ష చేద్దామన్నారు. మచ్చ పూర్తిగా మానేదాకా ఆగి, ఆమెను వార్డులో చేర్చుకున్నారు. అదే జాతి మందు, మనుషులకిచ్చేది, చిన్న తునక మింగించారు. ఏదైనా అయితే ఇవ్వాల్సిన సూదులు పక్కనే ఉంచి, పీజీ అమ్మాయిని కాపలా పెట్టారు. ఇంట్లో మాత్రం ఇలా ఎవరూ చేసుకోకూడదని మొగుడికి మరీమరీ చెప్పారు. ఆమె మంచం మీద కూర్చుని, అద్దం కావాలని నా హ్యాండ్‌బ్యాగులోది తీసుకుంది. భోజనాల వేళకు పెదవి మీద చెయ్యి వేసుకుంది.

"వచ్చె అక్కా. మంట. ఆ పక్కే."

పుండు పడుతోందని అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అద్దం వదలకుండా ఎర్రబడుతున్న పెదవినే చూసుకుని, "అయితే ఆ మందు నాకొద్దు గదా?" అని పీజీ అమ్మాయిని ఒకసారి, నన్ను ఒకసారి, అన్నం తెచ్చిన ఆయమ్మను కూడా ఒకసారి అడిగింది. అక్కర్లేదు. అరుదైన జబ్బు కాదు, కన్నెర్రబడింది దుమ్ముకు. ఏ మందులు ఎప్పటికీ పడవో ఒక కార్డు మీద రాసిచ్చి పంపారు. పీజీ అమ్మాయి మాత్రం ఆ పరిశోధన మీదే రాస్తున్న తన థీసిస్‌లో ఒకరు తగ్గారని రెండు రోజులు దిగులుగా తిరిగింది.

నాకు పట్టుకున్న దిగులు వేరు. ఒళ్లంతా వదిలేసి ఆ పావలా బిళ్లంత చోటుకే ఎలా గుర్తుంటుంది ఆ మందు? ఒకసారి దెబ్బతిన్న చోట కొన్ని కణాలు కాపలావాళ్లలా ఉండిపోతాయని, ఆ మందు మళ్లీ వచ్చిందంటే అవే ముందు లేస్తాయని ప్రొఫెసరుగారు చెప్పారు. సరే, ఒప్పుకున్నాను. మరి అత్త సంగతేమిటి? పళ్లు ఊడేదాకా నమిలింది, ఆమెకేమీ కాలేదే? మనిషి మనిషికీ రక్తంలో తేడా ఉంటుంది, కొన్ని కుటుంబాల్లో తరాల వెంట వస్తుందేమో కూడా, మన దగ్గర ఎవరూ వెతకలేదు అన్నారు. అయితే వెతకండి అన్నాను. ఆయన నవ్వి వార్డుకు వెళ్లిపోయారు.

మొన్న ఆమె ఫోన్ చేసింది. మంద గోరంట్ల పక్కకు పోయిందట. ఇప్పుడు మాత్రను రాళ్ల మధ్య నూరుతున్నారు, కానీ ఆ పొడిలో అత్త తన ఉమ్మి కలిపేదాకా గొర్రెపిల్లలకు పెట్టనివ్వడం లేదు. కోడలికి ఇప్పుడు అయిదో నెల. మామూలు కబుర్లన్నీ అయ్యాక, పెట్టేయబోతూ, "అక్కా, కడుపులో ఉండే దీనికి గూడా నా మాదిరే వస్తాదా?" అన్నది. అడిగి చెబుతానన్నాను. అడిగాను. ప్రొఫెసరుగారు రావచ్చన్నారు, రాకపోవచ్చన్నారు, మొదటిసారి వాడితే తప్ప తెలియదన్నారు. మొదటిసారి వాడి తెలుసుకోవడమేమిటండీ? తల్లి ఒళ్లు ఒప్పుకోని ఆ మందును, రేపు ఏ పల్లెలోనో పారుకుంటున్న ఆ బిడ్డకు ఇవ్వవచ్చా, ఇవ్వకూడదా?