నాలుగో వాకిలి

ప్రొద్దుటూరులో సీతాపతి శర్మ గీసిన శ్రీచక్రానికి వంక పెట్టే మొనగాడు లేడు. పులివెందుల వైపు రైతులు బావి తవ్వే ముందు ఆయన చక్రం గీసిచ్చే రాగిరేకు కోసం పడిగాపులు కాసేవారు. మనిషి మెతక, గీత దగ్గర మాత్రం మొండిఘటం. ఎవరైనా అర్థం అడిగితే చాలు, అన్నం కూడా మరిచిపోయి చెప్పేవాడు. నడిమి చుక్క బిందువు, అన్నీ అందులోంచే పుట్టాయి. కొన పైకున్న త్రికోణం శివుడు, కిందికున్నది శక్తి. రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటేనే లోకం. వాటి చుట్టూ తామర రేకులు, అన్నిటికీ బయట ఒక చదరం. ఆ చదరం ఈ భూమి, దానికి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. సంసారి లోపలి నుంచి బయటికి గీయాలి. బిందువు పెట్టి కూర్చున్నవాడు నాలుగో వాకిలి గీసేదాకా లేవకూడదు. తండ్రి చెప్పాడు, తాత చెప్పాడు. ఎందుకని ఈయన ఎన్నడూ అడగలేదు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఆయన ఒక్కగానొక్క కూతురు త్రిపురకు జ్వరం వచ్చి గొంతు వాచింది. ఊళ్లో డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆయన భార్య విశాలాక్షి బతిమాలితే పక్కింటి ఖలందర్ జట్కా కట్టుకొచ్చాడు. ఆమె బిడ్డను దుప్పట్లో చుట్టుకుని వచ్చేసరికి సీతాపతి రాగిరేకు ముందు కూర్చున్నాడు. బిందువు పెట్టేశాడు.

"లేయండి సామీ, పాపకు ఎగశ్వాస వస్తాంది," అన్నాడు ఖలందర్.

"కొంచేపు ఆగప్పా. నడిమధ్యన లేస్తే బిడ్డకే కీడు. ఇది పూర్తయితే అమ్మవారే కాపాడుతుంది."

"అమ్మా, మీరన్నా ఎక్కండి."

విశాలాక్షి ఎక్కలేదు. కీడు అన్న మాటకు ఆమె కాళ్లు కదల్లేదు. బిడ్డను ఒళ్లో వేసుకుని అరుగు మీద కూర్చుంది. లోపల త్రికోణాలు అయ్యాయి, తామర రేకులు అయ్యాయి, చదరం మొదలైంది. ఎండ అరుగెక్కింది. గుర్రం కాలు మార్చి కాలు వేస్తూ నిలబడింది. నాలుగో వాకిలి గీసి సీతాపతి పరుగున వచ్చి వాళ్లతో బండెక్కాడు. జమ్మలమడుగు ఇంకా కనబడకముందే ఖలందర్ పగ్గాలు లాగి బండి ఆపేశాడు. ఇక తొందరగా తోలే పని లేదు.

కర్మకాండ ముగిశాక సీతాపతి ఆ రేకును వెలుతురులో పట్టుకుని వెతికాడు. మూడు గీతలు కలవాల్సిన ఒక చోట వెంట్రుకంత సందు దొరికింది. తప్పు అక్కడుందన్నాడు. అది దొరికాక ఆయన ప్రాణం కుదుటపడింది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ తర్వాత రేకుల కోసం వచ్చిన రైతులను పంపించేశాడు. తప్పులేని చక్రం ఒక్కటి గీయాలని రేకు మీద రేకు పాడుచేశాడు. రాజధాని హైదరాబాదుకు మారింది, ఆయన చూపు మందగించింది. విశాలాక్షి వేళకు అన్నం పెట్టేది, అవసరమైనంతే మాట్లాడేది.

చివరికి ఒకరోజు పొద్దున్నే రేకు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"చూడు, అన్నీ కలిసినాయి. ఆ పొద్దు ఇట్లా వచ్చింటే పాప దక్కేది."

ఆమె చెయ్యి తుడుచుకుని, బిందువును వదిలేసి బయటి చదరం మీద వేలు పెట్టింది.

"ఇవేంది?"

"వాకిళ్లు. నీకు తెలీదా?"

"తెలుసు. నాలుగు గీసినారు. ఆ పొద్దు ఒక్కదాంట్లోంచన్నా బయటికి రాకపోతిరే. నేనూ మీ మాట నమ్ముకోని కూచుంటి. బండి వాకిట్లోనే ఉండె."

అని మళ్లీ చేట ముందుకు లాక్కుంది.

మరునాడు అలవాటు కొద్దీ ఆయన కొత్త రేకు ముందు కూర్చుని బిందువు పెట్టాడు. ఆ తర్వాత చెయ్యి రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక విశాలాక్షి అన్నానికి పిలిచింది. గీయనూ లేక, లేవనూ లేక, ఆయన అలాగే కూర్చున్నాడు.