పత్తి గదిలో రైలు

ఆ ఏడు పత్తికి ధర లేదు. వచ్చిన బేరాలన్నిటినీ నాన్న వెనక్కి పంపేసి, మూడు తీతల పత్తినీ తెచ్చి మా ముందుగదిలో పోయించాడు. కిటికీ సగం దాకా తెల్లటి గుట్ట. మిగిలిన కాస్త జాగాలో ఒక బల్ల, దాని మీద స్క్రీను, కింద నేలమీద కంప్యూటరు పెట్టె, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీ నాది, రెండోది మా తమ్ముడిది. ఆ చలికాలంలో నెల రోజుల పాటు రోజూ సాయంత్రం నాలుగింటికి మేమిద్దరం ఆ కుర్చీల్లో కూర్చుని గుంటూరు నుంచి ఒక రైలు బయల్దేరదీసేవాళ్లం. అది ఒక్కరోజు కూడా నరసరావుపేట చేరలేదు.

తమ్ముడు అసిస్టెంట్ లోకో పైలట్. అంటే రైలింజన్లో డ్రైవరు పక్కన రెండో సీటులో కూర్చునేవాడు. సిగ్నల్ కనబడగానే చెయ్యి చాపి చూపించి, దాని పేరూ రంగూ గట్టిగా చెప్పాలి. డ్రైవరు ఆ మాటే తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా వస్తేనే ఇద్దరూ చూసినట్టు. ఈ అలవాటు వాడికి ఇంట్లో కూడా పోయేది కాదు. నా స్కూటరు వెనక ఎక్కితే చెవి పక్కనే "ముందు గేదె" అని కేకేసేవాడు. నేను "గేదె" అని తిరిగి చెప్పేదాకా ఊరుకునేవాడు కాదు. నడిబజార్లో ఈ గోలేంట్రా అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.

దసరా వెళ్లాక ఒక పొద్దున, నరసరావుపేటకు ఇవతల ఒక రైలు గేటు దగ్గర, మూసి ఉన్న గేటు కిందనుంచి ఒక మనిషి వంగి పట్టాల మీదకు వచ్చాడు. ముందుగా చూసింది తమ్ముడే. అరవాలి. నోట్లోంచి మాట రాలేదు. ఎంతోసేపు కాదు, ఒక్క ఊపిరి తీసుకున్నంతసేపు. ఆలోగా డ్రైవరే చూసి బ్రేకు వేశాడు. బండి ఆగేసరికి గేటు ఎక్కడో వెనకుండిపోయింది.

ఆ డ్రైవరుగారు మా ఇంటికొచ్చి మరీ చెప్పారు. "నువ్వు అరిచినా ఆ కాస్త దూరంలో బండి ఆగేది కాదయ్యా. ఇన్నేళ్లుగా నడుపుతున్నవాణ్ని, నా మాట నమ్ము." తమ్ముడు తలూపాడు. నమ్మలేదు.

ఆ తర్వాత వాడికి సెలవు ఇచ్చారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లేదాన్ని. తొందరపడొద్దు, రైలుకు మెల్లమెల్లగా దగ్గరవ్వమని ఆవిడ చెప్పారు. మొదటి నెలంతా కూత వినబడితే చాలు, అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. రెండో నెలలో స్టేషన్ బెంచీ మీద కూర్చోగలిగాడు. ఆ తర్వాత వాడే ఎక్కడో వెతికి కంప్యూటర్లో రైలు నడిపే ఈ సిమ్యులేటర్ ఆట పట్టుకొచ్చాడు. రైలు పిచ్చి ఉన్న మనిషెవరో మన లైను మొత్తాన్నీ స్టేషన్లతో, సిగ్నళ్లతో, పక్కన మిరప చేలతో సహా తయారుచేసి అందరూ ఆడుకోమని పెట్టాడట. ఆ గేటు కూడా అందులో ఉందట.

"నువ్వు నడుపక్కా. నేను పక్కన కూర్చుని చెబుతా. ఆ గేటు దగ్గర ఒక్కసారి నోరు తెరిచి చెప్పగలిగితే చాలు, మళ్లీ ఇంజనెక్కుతా," అన్నాడు.

వాడికి గడువు కూడా ఉంది. వచ్చే నెల మొదటి సోమవారం ఆఫీసుకు వెళ్లి తేల్చి చెప్పాలి. మళ్లీ ఇంజనెక్కుతాడా, లేక ఇంజను వద్దు, కుర్చీలో కూర్చునే పని ఏదైనా ఇవ్వమని కాగితం రాసిస్తాడా. ఇంజనెక్కాలని ఆరో తరగతి నుంచి కలవరించినవాడు. ఆ కాగితం రాస్తే మనిషి మిగలడని నా భయం. రాయకుండా ఎక్కితే ఏమవుతుందోనని అమ్మ భయం. అమ్మా నేనూ ఆ సంగతి ఎప్పుడూ ఎదురెదురుగా మాట్లాడుకోలేదు.

నేను బళ్లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అత్తవారిల్లు రెండు వీధుల అవతలే. బడి వదలగానే పుట్టింటికి వచ్చేసేదాన్ని. మొదటిరోజు నేను నడపడం చూసి తమ్ముడు, "నీకు లైసెన్సు ఎవరిచ్చారే అక్కా," అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత వాడు నవ్వడం అదే. సరిగ్గా నలభై నిమిషాలకు గేటు దూరంగా కనబడింది. కూత వేయమని చెప్పే పసుప్పచ్చ బోర్డు వచ్చింది. తమ్ముడు చెయ్యి చాపాడు. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. స్క్రీను నల్లబడింది. గేమ్ మూసుకుపోయింది.

మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ అక్కడే.

మధ్య స్టేషన్లోంచి మొదలుపెట్టే వీలు ఆ రూటులో లేదు. ఆగిపోయాక అదే రోజు రెండోసారి ఆడదామంటే తమ్ముడు కూర్చునేవాడు కాదు. చొక్కా తడిసిపోయేది. లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. నేను ఒక్కదాన్నే కూర్చుని కుస్తీ పట్టేదాన్ని. స్క్రీను మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుకు పాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశాను. గేమ్ ఫైళ్లన్నీ సరిచూశాను. నీడలు తీసేశాను, చెట్లు తగ్గించాను, చివరికి ఆకాశంలో మబ్బులు కూడా తీసేశాను. పది నిమిషాలు నడిపి చూసి, బాగానే ఉందిగా అనుకుని ఇంటికి పోయేదాన్ని. మర్నాడు మళ్లీ ఆ గేటు ముందే తెల్లమొహం వేసేదాన్ని. తప్పుల చిట్టా తెరిస్తే ప్రతిసారీ గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఆగిందని చూపించేది. ఆ రూటు తయారుచేసినవాడు ఆ గేటు దగ్గరే ఏదో తప్పు చేసి ఉంటాడని, దాన్ని మా పాత కార్డు మోయలేకపోతోందని తీర్మానించేశాను. పిల్లలకు రోజూ చెప్పేది నేనే, చూడకుండా తీర్మానించకండర్రా అని.

బ్రాడీపేటలో కంప్యూటర్ షాపతను నా కార్డు పేరు వినగానే నవ్వు ఆపుకున్నాడు. "అది మీ స్టూడెంట్ల వయసుదండి మేడం. ఈ గేములకి ఆనదు."

కొత్త కార్డు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్కసీటావిడ చంటిపిల్లేమో అనుకుని తొంగి చూసింది. ఇంటికొచ్చి పెట్టె పక్క మూత తీసి పాతది ఊడబెరికాను. దాని ఫ్యాను నిండా పత్తి నూగు. మా ఇంట్లో నూగు లేనిదెక్కడ, అన్నంలో కూడా వస్తోంది అనుకుని, చీర కొంగుతో నాలుగు తుడుపులు తుడిచి కొత్తది బిగించేశాను. ఇది శుక్రవారం సాయంత్రం మాట. సోమవారం ఎదురుగా నిలబడి ఉంది.

కొత్త కార్డుతో రైలు నున్నగా పరిగెత్తింది. తీసేసిన మబ్బులన్నీ మళ్లీ పెట్టాను. చేల పక్కన కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా కనబడ్డాయి. తమ్ముడు ఒక్కో సిగ్నల్ రంగూ చెబుతున్నాడు, నేను తిరిగి చెబుతున్నాను. వాడి గొంతు రోజూకంటే నిబ్బరంగా ఉంది. ఇవాళ దాటేస్తాం అనుకున్నాను. గేటు ఇంకా కంటికి కూడా ఆనకముందే కంప్యూటరు మొత్తం టప్పున ఆరిపోయింది.

నల్లటి స్క్రీనులో మా ఇద్దరి మొహాలూ కనబడ్డాయి.

"ఇప్పుడు అక్కడిదాకా కూడా రానివ్వట్లేదక్కా," అన్నాడు తమ్ముడు.

"ఎవర్రా రానివ్వనిది? ఇది మిషను. దీనికి నీ సంగతేం తెలుసు?"

"నీకు పెన్నుందా?" అని అడిగాడు. జేబులోంచి మడతపెట్టిన తెల్ల కాగితం తీశాడు. ఎన్నాళ్లుగా పెట్టుకుని తిరుగుతున్నాడో, మడతల దగ్గర మాసిపోయి ఉంది.

నాకు కోపం తన్నుకొచ్చింది. వాడి మీదా, మిషను మీదా, గేటు కింద వంగిన ఆ చచ్చిపోయిన మనిషి మీద కూడా. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. "పెన్నూ లేదు, గిన్నూ లేదు. రేపు సాయంత్రం దాకా ఆగు," అని అరిచేసి బయటికొచ్చేశాను. హ్యాండ్‌బ్యాగులో రెండు పెన్నులున్నాయి.

ఆ రాత్రి నిద్రలేదని వేరే చెప్పక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం బుర్రను తొలుస్తూనే ఉంది. తప్పు ఆ గేటు దగ్గరే ఉంటే, గేటు రాకముందే ఎందుకు ఆరిపోయింది?

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం వచ్చేసరికి తమ్ముణ్ని నాన్న కల్లానికి తీసుకెళ్లాడు, మిరపకాయలు తిరగెయ్యడానికి. కంప్యూటరు వేసి, రైలును గుంటూరు ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. బండిని కదపలేదు. గోడ గడియారం చూస్తూ కూర్చోవడమే పని. పది నిమిషాలయింది. ఇరవై అయింది. ఇదేం పిచ్చి పని అనిపించింది. ముప్పై దాటింది. ఆగిపోవాలనే కోరుకుంటున్నాను, ఆగిపోతుందేమోనని భయపడుతున్నాను కూడా. ముప్పయ్యారో నిమిషంలో, గుంటూరు స్టేషన్లోనే, అంగుళం కూడా కదలని బండి టప్పున ఆరిపోయింది.

గేటు కాదు. నిమిషాలు. బండి ఎక్కడున్నా, అంతసేపయ్యేసరికి ఆరిపోతుంది.

వంగి పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసుకున్నాను. కాలిపోతోంది. కొత్త కార్డు వేడి ఇంకా ఎక్కువ, అందుకే నిన్న గేటు కంటే ముందే ఆరిపోయిందన్నమాట. తీగలన్నీ పీకి, పెట్టెను బయటికి లాగి బోర్లించాను. అడుగున ఒక జాలీ ఉంది. లోపలికి చల్లగాలి పోవాల్సింది అందులోంచే. జాలీ కనబడలేదు. పత్తి నూగు అట్టకట్టి, దళసరిగా, తెల్లగా పరుచుకుని ఉంది. గోటితో లాగితే చాప చుట్టలా మొత్తం ఊడొచ్చింది. దాని మధ్యలో అరచేయంత మేర గోధుమరంగుకు తిరిగి ఉంది.

ఆ పెట్టెకు మూరెడు దూరంలో మా ఏడాది పంటంతా గుట్టగా ఉంది. ఆ గదిలోకి అగరుబత్తి కూడా రానివ్వదు అమ్మ. నాన్నను చుట్ట తీసుకుని వీధిలోకి పొమ్మంటుంది. అలాంటి గదిలో నేను, చదువుకున్నదాన్ని, నెల రోజులుగా నిప్పును రాజేసి పెట్టాను. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలో ఉన్నది చూసింది, పెట్టెను చూసింది, పత్తిని చూసింది. బల్లకు ఒక పక్క పట్టుకుని, "ఆ చివర పట్టుకో. వెనక వసారాలో పెడదాం," అంది.

సైకిలు పంపుతో మూలమూలా గాలికొట్టి నూగంతా వదిలించాను. తమ్ముడు కల్లం నుంచి వచ్చి, ఘాటుకు తుమ్ముతూ, వసారాలో బల్ల ఎందుకుందో తెలీక నిలబడిపోయాడు. ఊడిన నూగు అట్టను వాడి చేతిలో పెట్టాను.

"నీ గేటూ కాదు, నువ్వూ కాదు. నాన్న పత్తి. గుంటూరులో నిలబెట్టినా ఆగిపోయింది, నా కళ్లతో చూశాను."

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. మొహం పాలిపోయింది. ఇన్నాళ్లూ మిషను వాణ్ని గేటు ఇవతలే ఆపేసింది. ఇక ఆపేవాళ్లు లేరు. నాకూ అది అప్పుడే తట్టింది.

నాలుగింటికి బయల్దేరాం. నాన్న వసారా అరుగు మీద, అమ్మ వంటింటి గుమ్మంలో. ముప్పయ్యారో నిమిషం దాటింది. పెట్టె మీద చెయ్యి వేసి చూశాను, గోరువెచ్చగా ఉంది. దూరంగా గేటు కనబడింది. పసుప్పచ్చ బోర్డు వచ్చింది. నేను హారన్ మీట నొక్కి పట్టుకున్నాను.

తమ్ముడు చెయ్యి చాపాడు. నోరు తెరిచాడు. మాట లేదు.

వాడి బదులు నేనే చెప్పేయాలని నాలుక దాకా వచ్చింది. పళ్లు బిగించుకున్నాను. గేటు పెద్దదవుతోంది. ఎర్ర తెల్ల చారలు, గేటుమాన్ గది, గదికి నీలం తలుపు. నలభయ్యో నిమిషం.

"గేటు," అన్నాడు తమ్ముడు, వినీ వినపడకుండా. తర్వాత వీధి చివరిదాకా వినబడేలా, "గేటు క్లియర్."

ఇప్పుడు నేను తిరిగి చెప్పాలి. నోరు తెరిచాను. వీడు సోమవారం ఎక్కుతానని చెప్పేసి వెళ్లిపోతాడు, నిజం ఇంజన్లో, నిజం గేటు ముందుకు. పంపించాలని నెల రోజులు అంత కష్టపడినదాన్ని, ఒక్కసారిగా వాణ్ని చొక్కా పట్టుకుని ఆపెయ్యాలనిపించింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"తిరిగి చెప్పాలక్కా," అన్నాడు వాడు, చాపిన చెయ్యి దించకుండా.

"రావట్లేదురా," అన్నాను ఎలాగో.

వాడు మొదటిసారి స్క్రీను మీదనుంచి చూపు తిప్పి నా వైపు చూశాడు.

"వస్తుందిలే," అన్నాడు. "ఒక్కోసారి వెంటనే రాదు."

గేటు అప్పటికే వెనకబడిపోయింది.