అయ్యగారి ఆఖరి రౌండు

తెలంగాణ వస్తుందా రాదా అని టీ కొట్ల దగ్గర జనం వాదులాడుకునే ఆ రోజుల్లో, అశోక్‌నగర్‌లో మాకందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. గంటసేపు ఆగకుండా మాట్లాడగలిగిన ప్రతి మనిషీ ఏదో ఒక కోచింగ్ సెంటర్ సారే! ఊళ్ల నుంచి సర్కారు కొలువుల కోసం వచ్చి హాస్టళ్లలో కుక్కుకుని బతికేవాళ్లం కదా, ఎవరు నాలుగు మాటలు గట్టిగా చెప్పినా చెయ్యి దానంతటదే నోట్సు రాసుకునేది. ఈ జబ్బు అందరికంటే ముదిరినవాడు మా గదిలోని సిలబసన్న. (ఏం చెప్పినా "గిది సిలబస్‌ల ఉందా?" అని అడిగేవాడు.) చదువులో పులి. కానీ పోలీసు ఉద్యోగానికి ముందు ఐదు కిలోమీటర్ల పరుగు పెడతారు, అది దాటితేనే రాతపరీక్ష. అన్న ప్రతిసారీ ఆఖరి రౌండులో చతికిలబడేవాడు. వయసు మీరిపోతోంది, మిగిలింది ఒక్క అవకాశమే.

ఒక ఆదివారం అతన్ని నారాయణగూడ గల్లీలో మా చర్చికి తీసుకెళ్లాను. (భక్తితో కాదు. ఆ రోజు ఆరాధన తర్వాత బగార అన్నం, మటన్ ఉన్నాయని చెబితే వచ్చాడు.) మా పాస్టరుగారిని, అంటే అయ్యగారిని, పరుగు మీద ప్రసంగంలో కొట్టేవాళ్లు లేరు. విశ్వాసి జీవితం పరుగు పందెమనీ, నోరు కట్టుకోవాలనీ, బరువులు వదిలేయాలనీ, వెనక్కి చూడకూడదనీ చేతులూపి చెబుతుంటే నేను అలవాటుగా కునుకు తీశాను. సిలబసన్న మాత్రం కళ్లార్పలేదు. భోజనాల దగ్గర ప్లేటుతోనే అయ్యగారి ముందుకెళ్లి, "సార్, గింత మంచిగ ఎవ్వరు చెప్పలే. నాకు కోచింగ్ ఇయ్యుండ్రి. గిదే ఆఖరి ఛాన్సు" అన్నాడు.

అయ్యగారు బస్సు వెనక కూడా పరుగెత్తి ఎరగరు. విశ్వాసుల ఇళ్లలో వద్దనలేక తిన్న మిఠాయిలన్నీ ఆయన పొట్టలోనే ఉన్నాయి. కానీ చర్చి అంతా చూస్తోంది. "రేపు పొద్దుగాల పార్కుకు రా బిడ్డా" అనేశారు.

మర్నాడు తెల్లచొక్కా, ఆదివారం బూట్లతో వచ్చి బెంచీ మీద కూర్చుని ప్రసంగాన్నే కోచింగుగా మార్చేశారు. "బరువులు తీసెయ్!" అనగానే సిలబసన్న స్వెటరు, ఫోను, తాళాలు తెచ్చి నా చేతుల్లో పోశాడు. "ఒక్కడివి ఉరకద్దు, ఒకరికొకరు తోడుండాలె" అన్నారు. ఆ తోడు నేనే అయ్యాను. ఆ బరువులతో సహా! చిక్కడపల్లి బండి మీది మిర్చి బజ్జీలు బంద్ అని కూడా తీర్పిచ్చారు. ఆ సంగతి తెలిసి అయ్యగారి భార్య, మా అమ్మగారు, "పిల్లగానికి చెప్పుడు కాదు, మీరు గూడ మానుండ్రి మరి" అని ఇంట్లో మిఠాయి డబ్బా దాచేశారు. శిష్యుడి కంటే గురువుగారే ఎక్కువ నీరసించిపోయారు.

పరుగు రోజున మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కంచె బయట నిలబడ్డాం. ఆఖరి రౌండు మొదలవగానే సిలబసన్న మొహం వాడిపోయింది. కాళ్లు ఈడుస్తూ వెనక్కి తిరిగి చూశాడు. "వెనకకు చూడకు బిడ్డా!" అని అయ్యగారు అరిచారు. వినపడలేదు. మళ్లీ అరిచారు. అతను దాదాపు నడుస్తున్నాడు. అప్పుడు అయ్యగారు ప్యాంటు రెండు చేతులతో పైకి పట్టుకుని ఉరికారు!

"నా దిక్కు చూడు! నాతోటి రా బిడ్డా, నాతోటి!"

కంచెకు లోపల ఒకరు, బయట ఒకరు. అయ్యగారి బూటు ఒకటి ఊడిపోయింది. దారిలో నిలబడ్డ జనం పగలబడి నవ్వారు, కాపలా కానిస్టేబులు లాఠీ కిందపెట్టి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియదు. సిలబసన్న గీత దాటాడు. అయ్యగారు అక్కడే మట్టిలో కూలబడ్డారు. గోలీసోడా పట్టించి నేను గాలి విసురుతుంటే, ఛాతీ మీది నంబరు ఇంకా తీయకుండానే సిలబసన్న పరుగున వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"సార్, గెలిచినం" అన్నాడు.

తర్వాతి ఆదివారం అయ్యగారు కుంటుకుంటూ ప్రసంగానికి లేచారు. "ఇన్నేండ్ల సంది ఉరకుండ్రి, ఉరకుండ్రి అని మీకు చెప్పుకుంట వచ్చిన. గది గింత కష్టమని నాకు తెల్వదు. జర మాఫ్ చెయ్యుండ్రి" అన్నారు. చర్చి అంతా గొల్లున నవ్వింది. నేను నిద్రపోకుండా, ఒక్క మాట కూడా వదలకుండా విన్న ప్రసంగం అదే.

ఇప్పుడు అప్పుడప్పుడు నన్ను కూడా యువకులకు నాలుగు మంచిమాటలు చెప్పమని పిలుస్తున్నారు. పరుగు గురించి చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఇంతవరకు ఎవరి కోసమూ కంచె పక్కన ఒక్క అడుగు కూడా ఉరకని ఈ పెద్దమనిషిని, అంటే నన్నే, తలుచుకుని నాకే నవ్వొస్తుంది. సమయపాలన గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను.