రెండు గడ్డలు, ఒకే కట్టు

ఊరూవాడా సాఫ్ట్‌వేర్ కోర్సుల వెంట పడ్డ రోజులవి. కాకినాడ నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. నా ఎడమ చేతి మీద చర్మం కింద రేగుకాయంత గడ్డలు రెండు ఉండేవి. నొప్పి లేదు గానీ భయం ఉండేది. నా రూమ్మేట్, సిరిసిల్ల అమ్మాయి స్వరూప, పంజాగుట్ట సందులో ఉన్న పసరు వైద్యుడి దగ్గరికి నన్ను లాక్కెళ్లింది.

నాకు మొదటి నుంచీ అనుమానమే. ఎవరేం చెప్పినా సరిచూడకుండా నమ్మొద్దని క్లాసులో రోజూ వింటున్నదాన్ని. అందుకే "ఒక్కదానికే కట్టండి" అన్నాను.

"నాకే పరీక్ష వెడ్తున్నవా బిడ్డా?" అని ఆయన గుర్రుగా చూసి కట్టు కట్టాడు. "జర మండుతది. ఫికర్ చెయ్యకు, గడ్డ కరుగుతున్నట్టే లెక్క."

మర్నాటికి చెయ్యి వాచి బొబ్బలెక్కింది. ఏడుస్తూ వెళ్తే ఆయన కట్టు విప్పి, వాపు మీద వేలితో నొక్కి, "ఏదమ్మా గడ్డ? చూపియ్యి!" అన్నాడు. నిజంగానే చేతికి తగల్లేదు.

"చూసినవా, ఉట్టిగనే అనుమానపడ్డవ్!" అని స్వరూప నన్నే దెప్పింది.

నేను మాత్రం నేరుగా ఆస్పత్రికి వెళ్లాను. "ఇవి వట్టి కొవ్వు గడ్డలు, ప్రమాదం లేదు. పసర్లకు కరగవు. కాలింది నీ చర్మమే" అంది డాక్టరమ్మ. వాపు తగ్గగానే గడ్డ మళ్లీ తేలింది.

పసరుతో గడ్డ కరిగిందని ఎవరైనా అంటే ఇప్పటికీ నేను వాదించను, చెయ్యి చాపుతాను. గడ్డలు రెండూ అలాగే ఉన్నాయి. వైద్యం దేనికి జరిగిందో ఒకదాని మీదున్న కాలిన మచ్చే చెబుతుంది.