హనోయ్ పోవాల!

నవ్వుకోండి, కాదనను. కానీ వియత్నాంలో నా సైకిలు యాత్ర మొదటి పూటే గంగపాలైన తీరు చెప్పేముందు ఒక్క మాట. తప్పు నాది కాదు, ఆ ఊరిది.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా ఇంటి నుంచి రాయల్పాడు దాకా సైకిలు తొక్కి, కడుపునిండా మామిడిపండ్లు తిని తిరిగొచ్చిన వీరుణ్ణి. దాంతో కళ్ళు నెత్తికెక్కాయి. హోచిమిన్ సిటీ నుంచి పదిహేడు వందల కిలోమీటర్ల అవతలి హనోయ్ దాకా తొక్కుతానని చర్చిలో అందరి ముందూ ప్రకటించాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఆడవాళ్ళు దండ వేశారు. తోడుగా మా అక్క మొగుడు డేవిడ్ బావ బయలుదేరాడు.

హోచిమిన్ సిటీలో పొద్దున్నే హోటలు గుమ్మంలో నిలబడి చూస్తే రోడ్డు కనబడలేదు. మోటారు సైకిళ్ళే కనబడ్డాయి. తేనెతుట్టెను రాయిపెట్టి కొట్టినట్టు ఊరంతా రొద.

"నా మాట ఇనప్పా," అన్నాడు బావ. "సైకిళ్ళు బస్సు మీద ఏసుకొని ఊరు దాటిపోదాం. ఇంగ ఆడినుంచి తొక్కుదాం."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "బస్సెక్కేదానికా బావా, ప్రార్థన చేయించుకొని వచ్చినాము? బెంగళూరు ట్రాఫిక్‌లో తొక్కినోణ్ణి నేను. ఇదొక లెక్కా?"

"ఈడ కుడిపక్క పోతారప్పా. మన మాదిరి కాదు."

"ఆ మాత్రం తెలీదా నాకు?"

తెలుసు. తెలిసీ, అలవాటు కొద్దీ ఎడమపక్కకు దూరాను. ఊరు ఊరంతా నాకు ఎదురొచ్చింది. "రాంగ్ రూట్‌లో వస్తా ఉండారే, బుద్ధుండాదా మీకు?" అని అరిచాను. ఒక్కరూ తిరిగి తిట్టలేదు. ఏటినీళ్ళు బండరాయిని చుట్టుకుపోయినట్టు నన్ను తప్పించుకుపోయారు. అదే మరీ మండింది. తిట్టడానికి కూడా పనికిరానా నేను?

చివరికి కోళ్ళగంపతో బండి మీద వస్తున్న ఒక ముసలావిడ ఆగి, నా హ్యాండిలు పట్టుకుని మెల్లగా కుడివైపు మళ్ళించింది. ఇక ముందుంది మొసళ్ళ పండగ. ఆ ప్రవాహం నన్ను ఎత్తుకుపోయింది. ఆగితే వెనకవాళ్ళు మీదపడతారు, తిరిగితే పక్కవాళ్ళు. గుంపులో గోవిందా అంటారు గానీ, ఆ గుంపులో గోవిందుడికైనా పక్కకు తిరగడం సాధ్యం కాదు. ఇంతలో గుంపంతా ఒక్కసారిగా పెద్ద గేటులోకి మళ్ళింది. దాంతోపాటే నేనూ.

లోపల గోడమీద ఏనుగంత బూటు బొమ్మ. సెక్యూరిటీ ఆయన నా సైకిలు లాక్కుని, చేతిలో టోకెను పెట్టి, దాన్ని వరుసలో నిలబెట్టాడు. దాని వెనక ఒక వరుస బళ్ళు, ఆ వెనక ఇంకో వరుస. నేను తేరుకునేలోపు నా సైకిలు బళ్ళ సముద్రంలో మునిగిపోయింది. గేటు మూశారు.

"నా సైకిలు! హనోయ్! హనోయ్ పోవాల!" అని చేతులూపాను.

ఆయనకేం అర్థమైందో, లోపలి నుంచి ఒక పనివాణ్ణి పిలుచుకొచ్చాడు. అతను తనది ఆ ఊరేనన్నట్టు గుండెమీద చెయ్యి వేసుకుని "హనోయ్!" అని మురిసిపోతూ, నాకు షేక్‌హ్యాండిచ్చి పనికి వెళ్ళిపోయాడు. సెక్యూరిటీ ఆయన గడియారం చూపించి, సాయంత్రం దాకా ఇంతేనని సైగ చేశాడు.

అప్పుడు బావ ఫోను.

"యాడ ఉండావప్పా?"

"చెప్పుల ఫ్యాక్టరీలో."

"చెప్పులు తర్వాత కొందువులే, రా!"

"కొనేదానికి కాదు బావా! సైకిలు ఇరుక్కుపోయింది. షిఫ్టు ఇడిచేదాకా బయటికి రాదంట!"

అవతల నవ్వు ఆగదే! తీరా అడిగితే, ఆయన హోటలు ముందు నుంచి కదలనే లేదట. తీరుబడిగా కాఫీ తాగుతున్నాడట. ఎంత ద్రోహం!

పగలంతా స్టూలు మీద కూర్చుని, సెక్యూరిటీ ఆయన జాలిపడి పెట్టిన నూడుల్స్ తిన్నాను. కోపంతోనే తిన్నాను, రెండోసారి కూడా పెట్టించుకున్నాను. సాయంత్రం సైరన్ మోగి, బళ్ళు కదిలి, నా సైకిలు నా చేతికొచ్చిందో లేదో, మా నాయన ఫోను. గని మూసేదాకా భూమి అడుగున పనిచేసిన మనిషి ఆయన.

"ఎంత దూరం పోయినావురా?"

పాస్టరుగారి ప్రార్థన గుర్తొచ్చి అబద్ధం నోట రాలేదు. "యాడికీ పోలేదు నాయనా. పొద్దున ఒక ఫ్యాక్టరీ లోపలికి పోయినాను. ఇప్పుడే షిఫ్టు ఇడిచినారు."

 అంతే, ఆయన ఇంట్లోకి తిరిగి పెట్టిన కేక నాకు స్పష్టంగా వినబడింది.

"ఏమే, ఇన్నావా! గనులు మూసినాక మన ఇంట్లో మళ్ళా ఒకడు షిఫ్టుకు పోయినాడే! సైకిలు గీకిలు ఇడిచిపెట్టి, ఆడనే పర్మనెంటు చేయించుకోమను!"

అందుచేత బైబిలు మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేస్తున్నాను. పనికి పోయే జనంతో కలిసి ఈ జన్మలో మళ్ళీ సైకిలు తొక్కను. ఒకవేళ ఖర్మకాలి తొక్కి, ఏ గేటులోపలికైనా పోతే మాత్రం, ఆ రోజు కూలీ తీసుకోకుండా బయటికి రాను.