మా అమ్మ వెళ్లే సంత

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కొంచెం సులువు. నా పేరు మాత్రం అడగకండి. ఈ ప్రాంతం వాళ్లు ఓట్లేసి గెలిపించిన మనిషిని. అంతకుముందు ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారుగా పనిచేశాను.

మా నాన్న ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అమ్మకు ఒక్కతే అక్క. ఆ పెద్దమ్మది భద్రాచలం వైపు అడవిలో ఒక పల్లె. రెండు ఊళ్లకూ మధ్య చిన్న సంత. ప్రతి శుక్రవారం అమ్మ సంత బస్సెక్కి వెళ్లేది. కొనేది ఎంత? గుప్పెడు ఎండుచేపలు, ఒక్కోసారి అవీ ఉండేవి కావు. అక్కాచెల్లెళ్లిద్దరూ గాజుల దుకాణం పక్కన చతికిలబడి పొద్దు వాలేదాకా మాట్లాడుకునేవాళ్లు. ఇంటికొచ్చాక రెండు రోజులు అమ్మ ముఖంలో నవ్వు పోయేది కాదు. ఆ నవ్వు కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.

సలహాదారుగా నేను రాసిన నివేదికల్లో ఒకటి చిన్న సంతల గురించి. బేరాలు అంతగా లేని సంతలను ఎత్తేసి పట్నంలోని పెద్ద మార్కెట్‌లో కలపమని రాశాను. జాబితాలో అమ్మ వెళ్లే సంత కూడా వచ్చింది. పెన్ను ఆగింది. నిజంగా ఆగింది. ఆ ఒక్క పేరు తీసేస్తే అడిగేవాడు లేడు. మరెందుకు తీయలేదు? సొంతవాళ్ల కోసం కూడా వంగనివాణ్నని నాకు నేనే చూపించుకోవాలనా? అప్పుడు దాన్ని నిజాయితీ అనుకున్నాను. అది వట్టి పొగరు. అక్కడికి జనం దేనికి వస్తారో ఆ ఆఫీసు మొత్తంలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, తెలిసి కూడా ఆ సంగతి నివేదికలో ఒక్క ముక్క రాయలేదు.

సంత పోయింది. దాంతోపాటే బస్సూ పోయింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు హైదరాబాద్‌లో మీటింగులు. ఒక్కసారి కారు పంపిస్తే సరిపోయేది. నాకు తట్టలేదు, ఆమె అడగలేదు. ఏడాదిన్నర తర్వాత, అక్కను మళ్లీ చూడకుండానే అమ్మ కన్నుమూసింది.

తర్వాత ఎన్నికల్లో నిలబడ్డాను. ప్రచారానికి ఆ పల్లెకు వెళ్తే పెద్దమ్మ బొట్టు పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, మన సంత ఎవరు తీసేసిండ్రు రా? నీకేమన్న ఎరుకనా?"

"ఎరుక లేదు పెద్దమ్మా. పైన ఎవరో రాసిండ్రంట."

"గట్ల రాసినోనికి అక్కచెల్లెండ్లు లేరు కావచ్చు, పాపం. నువ్వు గెల్వు బిడ్డా, మళ్ల పెట్టియ్యి."

నా మీదే జాలిపడింది. నేను తలూపాను. ఆ సాయంత్రం మైకు పట్టుకుని, పాతవాళ్లు తీసేసిన సంతను నేను తెస్తానన్నాను. చప్పట్లు కొట్టారు.

గెలిచాను. షెడ్లు కట్టించాను, బస్సు వేయించాను. కానీ అమ్మేవాళ్లు ఎప్పుడో పట్నం దారి పట్టారు, కొనేవాళ్లూ వాళ్ల వెనకే పోయారు. పెద్దమ్మ ఒక్కతే శుక్రవారాలు వచ్చి కాసేపు కూర్చుని పోతుందట. నేను ఒక్క శుక్రవారం కూడా అటు వెళ్లలేదు. వెళ్లాలని ఎంతో ఉంటుంది. ఆమె మాట్లాడుతుంటే అచ్చం అమ్మ గొంతే.

ఆ సంత ఎత్తేయమని రాసింది నేనే పెద్దమ్మా.

ఇన్నాళ్లకు ఈ మాట బయటపెట్టాను. గుండె మీది బరువు రవ్వంత కదిలింది. క్షమించమని అడగడం లేదు, ఏ ముఖంతో అడుగుతాను? ఆమెకు చదువు రాదు. అది తెలిసే రాస్తున్నాను.